కార్డు మీద రెండు అంకెలు



ఈసారి పాఠం కడుపుతో ఉన్నప్పుడు వచ్చే మతిమరుపు గురించి. దాంతో పాటు బీపీ గురించి. ఈ రెండింటికీ సంబంధం ఏమిటా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది.

నాకింకా పెళ్ళి కాలేదు. "నువ్వా మాకు కడుపు సంగతులు చెప్పేది?" అని నవ్వుతారేమో, నవ్వండి. టీచర్ ట్రైనింగులో పిల్లల మనసు ఎలా ఉంటుందో చెప్పారు. పిల్లల్ని మోసే తల్లి మనసు ఎలా ఉంటుందో ఒక్క ముక్క చెప్పలేదు. అది నేను మా రాయవరంలో, రాత్రి బడిలో నేర్చుకున్నాను.

మా బడికి ఒక పిన్ని రోజూ వచ్చేది. ఆవిడ కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. తొలి కాన్పు. ఏడో నెలలో సీమంతం చేసి, రెండు చేతులకూ నిండా గాజులు తొడిగి పంపారు. ఇంట్లో ఒక్కతే ఉండలేక తల్లితో పాటు బడికి వచ్చి కూర్చునేది. నాకంటే రెండేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. చురుకైన మనిషి. నెల తిరక్కుండా గుణింతాలు పట్టేసింది.

ఎనిమిదో నెల చివర్లో ఆ అక్క చదువు తడబడింది. నిన్న చదివిన మాటే ఇవాళ కొత్తగా చూసేది. ఒక వరుస చదివి, మళ్ళీ అదే వరుస చదివేది. "ఏంటే, పొద్దున పొయ్యి మీద పాలు మర్చిపోయావు, ఇప్పుడు అక్షరాలు మర్చిపోయావా" అని వాళ్ళమ్మ అంది. అందరూ నవ్వారు. "కడుపుతో ఉన్నదానికి మతిమరుపు మామూలే" అని ఒక అత్త సర్దిచెప్పింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

మర్నాడు తలనొప్పి అంది. దీపం వెలుగు చాలక చదివితే అలాగే ఉంటుందన్నారు. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన గ్యాసని చెప్పి మాత్ర ఇచ్చాడు. మూడో రోజు బడికి వచ్చి పుస్తకం తీసింది. కాసేపు చూసి మూసేసింది.

"అక్షరాలు రెండు రెండుగా కనపడుతున్నాయి టీచరు గారండీ" అంది.

ఆ రోజు మా ఆశా కార్యకర్త బడిలోనే ఉంది. ఆ అక్క ముఖంలోకి చూసింది. చెయ్యి పట్టుకుని గాజులు కదిపింది. కదల్లేదు. సీమంతానికి వదులుగా తొడిగిన గాజులు మణికట్టు దగ్గర బిగుసుకుపోయి ఉన్నాయి.

"బీపీ ఎప్పుడు చూపించావమ్మా? కార్డేదీ?"

"కార్డు అత్తారింట్లో ఉండిపోయిందండి."

పది నిమిషాల్లో ఏ.ఎన్.ఎమ్. గారింటికి తీసుకెళ్ళాం. పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసింది. 168/112. ఆవిడ ఇంకేమీ మాట్లాడలేదు. 108కి ఫోను చేసింది.

మిగతా కథ తర్వాత చెబుతాను. ముందు మతిమరుపు సంగతి చూద్దాం.

కడుపుతో ఉన్నప్పుడు మరుపు వస్తుందన్న మాట ఉత్తది కాదు. మన అమ్మలు, అమ్మమ్మలు చెప్పేదే శాస్త్రజ్ఞులూ లెక్క వేసి చూశారు. 2018లో ఆస్ట్రేలియాలో కొందరు పరిశోధకులు అంతకుముందు జరిగిన 20 పరిశీలనలను కలిపి చూశారు. అందులో 1200 మందికి పైగా ఆడవాళ్ళున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళకు గుర్తుంచుకోవడం కాస్త తగ్గుతుందని తేలింది. చివరి మూడు నెలల్లో అది ఎక్కువగా కనపడింది. కాస్తే సుమా! తాళం ఎక్కడ పెట్టానో మర్చిపోవడం, కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తు లేకపోవడం, ఏదో తెద్దామని లోపలికి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడిపోవడం. ఇలాంటివి. తనకూ ఇంట్లోవాళ్ళకూ తెలుస్తుందంతే. తెలివి ఎక్కడికీ పోదు.

ఎందుకు వస్తుంది? ఒంట్లో రసాయనాలు మారతాయి. రాత్రిళ్ళు నిద్ర ఉండదు. అటు తిరిగితే ఆయాసం, ఇటు తిరిగితే నడుం నొప్పి, మధ్యలో నాలుగుసార్లు మూత్రానికి లేవాలి. నిద్ర లేని మనిషికి, ఆడైనా మగైనా, ఏది గుర్తుంటుంది? రక్తం తక్కువైనా మనసు నిలవదు. మన ఆడవాళ్ళలో ఎంతమందికి రక్తం తక్కువో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఐరన్ మాత్రలు ఇచ్చేది అందుకే. వాటిని అటక మీద దాచేవాళ్ళు కూడా మా బడిలో ఉన్నారు. పేర్లు చెప్పను.

ఇంకో చిత్రమైన సంగతి. 2016 చివర్లో స్పెయిన్ దేశం పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. తొలిసారి తల్లులైన 25 మంది మెదళ్ళను కడుపు రాకముందూ, కాన్పు తర్వాతా యంత్రంతో ఫొటో తీశారు. మెదడులో కొన్ని చోట్ల పరిమాణం కొంచెం తగ్గింది. రెండేళ్ళ తర్వాత కూడా ఆ మార్పు ఉంది. అయ్యో, మెదడు తరిగిపోయిందా అని కంగారు పడకండి. జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే తేడా ఏమీ కనపడలేదు. ఎదుటి మనిషి మనసు తెలుసుకునే చోట్లలోనే ఈ మార్పు వచ్చింది. మాట రాని పసిబిడ్డ ఏడుపు అర్థం చేసుకోవడానికి మెదడు సిద్ధపడుతోందని ఆ పరిశోధకులు అనుకుంటున్నారు. కొబ్బరి చెట్టుకు ఎండు మట్టలు దింపితే చెట్టు తగ్గినట్టు కనపడుతుంది. చెట్టుకి నష్టమా?

కాబట్టి ఉత్త మరుపుకి భయం అక్కర్లేదు. మందుల వేళలు, ఆసుపత్రి తారీకులు గోడ మీద క్యాలెండర్లో రాసుకోండి. రాయడం వచ్చింది కదా, ఇక దేనికి మొహమాటం?

కానీ ఆ అక్కకు వచ్చింది ఉత్త మరుపు కాదు. మేం అది కనిపెట్టలేకపోయాం.

బీపీ అంటే రక్తపోటు. మన పొలాలకు కాలవ నుంచి బోదెల్లో నీళ్ళు వస్తాయి. నీళ్ళు నెమ్మదిగా పారితే గట్టు నిలుస్తుంది. ఒక్కసారిగా వడి పెరిగితే గట్టు ఊటలు కారుతుంది. తర్వాత గండి పడుతుంది. మన ఒంట్లో రక్తనాళాలే ఆ బోదెలు. రక్తం వాటి గోడల్ని నెట్టే జోరు పేరే రక్తపోటు.

కడుపుతో ఉన్నవాళ్ళలో కొందరికి అయిదో నెల దాటాక ఈ పోటు పెరుగుతుంది. దీనికి మూలం మాయలో ఉంది. బిడ్డకు తిండీ గాలీ అందించే మాయకు మొదటి నెలల్లోనే తల్లి రక్తనాళాలు వెడల్పుగా తెరుచుకోవాలి. కొందరిలో అవి సరిగ్గా తెరుచుకోవు. మాయకు రక్తం చాలదు. అప్పుడు మాయ నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి వస్తాయి. అవి ఒళ్ళంతా ఉన్న రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తాయి. గోడలు ఊటలు కారతాయి. మూత్రపిండాల దగ్గర కారితే, ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రంలో పోతాయి. అందుకే మూత్రం పరీక్ష చేస్తారు. ముఖానికీ చేతులకూ నీరు దిగుతుంది. కాలేయం దగ్గర దెబ్బ తగిలితే కుడి పక్కటెముకల కింద నొప్పి. దాన్నే చాలామంది గ్యాసు అనుకుంటారు.

మెదడులో కూడా ఇదే జరుగుతుంది. అక్కడ నీరు ఊరితే తల పగిలిపోయే నొప్పి వస్తుంది. కళ్ళు మసకబారతాయి, మెరుపులు కనపడతాయి, ఒకటి రెండుగా కనపడుతుంది. మనసు గందరగోళంగా ఉంటుంది. అడిగినదానికి వేరే జవాబు చెబుతారు. ఇది దాటితే ఫిట్స్. మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అనేది దీన్నే. ఎంతమంది తల్లులు దీంతో పోయారో ముసలమ్మల్ని అడగండి. ప్రతి ఊళ్ళోనూ ఒక కథ ఉంటుంది.

ఇప్పుడు రెండు మరుపులకూ తేడా చూడండి. ఉత్త మరుపు నెలల తరబడి మెల్లగా ఉంటుంది. తలనొప్పి ఉండదు, చూపు బాగుంటుంది, గాజులు వదులుగానే ఉంటాయి. రెండోది నాలుగు రోజుల్లోనో, ఒక్క పూటలోనో ముంచుకొస్తుంది. ఒంటరిగా రాదు. తలనొప్పినో, మసక చూపునో, ముఖం వాపునో, వాంతులనో, పక్కటెముకల కింద నొప్పినో వెంటబెట్టుకుని వస్తుంది. కాళ్ళకు కొంచెం నీరు రావడం చాలామందికి ఉండేదే. ముఖానికీ చేతులకూ ఒక్కసారిగా వస్తే మాత్రం ఆగకూడదు. అయినా ఇంట్లో కూర్చుని ఇది ఆ మరుపా, ఈ మరుపా అని తేల్చలేం. పట్టీ చుట్టి చూడాల్సిందే. కొందరికి బీపీ ఎంత పెరిగినా ఏ బాధా తెలియదు. బాగానే ఉన్నానని ఊరుకోకుండా ప్రతిసారీ చూపించుకోమనేది అందుకే.

తొలి కాన్పువాళ్ళకు, మరీ చిన్న వయసువాళ్ళకు, 35 దాటినవాళ్ళకు, కవలలు ఉన్నవాళ్ళకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ముందు కాన్పులో బీపీ వచ్చినా, తల్లికో అక్కచెల్లెళ్ళకో వచ్చినా, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నా మొదటి నెలల్లోనే డాక్టరు గారికి చెప్పాలి. అలాంటివాళ్ళకు ముందుజాగ్రత్తగా చిన్న ఆస్పిరిన్ మాత్ర ఇస్తారు. అది డాక్టరు గారు రాస్తేనే. నాలుగో నెల నుంచి ఇచ్చే కాల్షియం మాత్రలు ఎముకలకే కాదు, ఈ బీపీ రాకుండా ఉండడానికి కూడా సాయం చేస్తాయి. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి ఒకేసారి మింగకండి. ఒకటి పొద్దున, ఇంకొకటి రాత్రి.

నీరు వచ్చిందని ఉప్పు పూర్తిగా మానిపించి చప్పిడి కూడు పెడతారు. దానివల్ల ఈ జబ్బు ఆగదు. ఊరగాయలూ ఉప్పుచేపా తగ్గిస్తే మంచిదే, కానీ పరీక్ష మానేసి పథ్యం పట్టుకుంటే మోసపోతాం. ఇంకో పొరపాటు ఉంది. ఇంట్లో అత్తగారు వేసుకునే బీపీ మాత్ర తీసి కోడలికి ఇవ్వడం. వద్దు. పెద్దవాళ్ళ బీపీ మాత్రల్లో కొన్ని కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. గర్భిణీలకు ఇచ్చే మాత్రలు వేరే ఉన్నాయి.

ఇక కార్డు సంగతి. తల్లీ బిడ్డ కార్డు తీసి మీ ముందు పెట్టుకోండి. బీపీ అని ఉన్న గడి వెతకండి. అందులో రెండు అంకెలుంటాయి, మధ్యలో ఒక గీత. గీతకు ముందున్నది పై అంకె. గుండె రక్తాన్ని తోసినప్పుడు ఉండే పోటు. గీత తర్వాతది కింది అంకె. గుండె ఒక్క క్షణం సడలినప్పుడు ఉండే పోటు. 110/70 అంటే నూట పది, డెబ్భై. బాగుంది. గుర్తుంచుకోవాల్సిన అంకెలు 140/90. పైది 140 అయినా, కిందది 90 అయినా, ఏ ఒక్కటి చేరినా డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాలి. రెండూ పెరగాలని ఆగకండి. 160/110 దగ్గరికి వస్తే అదే గంటలో ఆసుపత్రికి. రేపు మంచిరోజు కాదు, అమావాస్య, ఆయన ఊళ్ళో లేరు, ఇవేవీ బీపీకి తెలియవు.

బీపీ చూసేటప్పుడు నడిచి వచ్చిన వెంటనే చెయ్యి చాపకండి. అయిదు నిమిషాలు కూర్చుని, మాట్లాడకుండా ఉండి చూపించుకోండి. అంకె చెప్పకుండా "బాగుందిలే" అంటే, "ఎంతుందండీ?" అని అడగండి. కార్డులో రాయించుకోండి. అడగడానికి సిగ్గు పడకండి. అది మీ రక్తం.

పురిటికి పుట్టింటికి వెళ్ళేటప్పుడు చీరలకంటే ముందు కార్డు సంచిలో పెట్టండి. మన ఆచారంలో ఏడో నెలలో ఊరు మారతాం. ఈ బీపీ పెరిగేది కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే. అత్తారింటి ఊళ్ళో చూసిన ఏ.ఎన్.ఎమ్. గారికి మనం కనపడం. పుట్టింటి ఊళ్ళో ఆవిడకు మనం వచ్చామని తెలియదు. ఆ అక్కకు జరిగింది సరిగ్గా ఇదే. రెండు నెలలు ఎవరూ బీపీ చూడలేదు. ఊరు మారగానే ఆశా కార్యకర్తకు కబురు చెయ్యండి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణీలకు డబ్బు లేకుండా పరీక్షలు చేస్తున్నారు. ఏ ఊరి కార్డైనా చూస్తారు.

ఇప్పుడు ఆ అక్క దగ్గరికి వద్దాం. 108లో రామచంద్రపురం తీసుకెళ్ళారు. అక్కడ ఇంజక్షన్లు ఇచ్చి కాకినాడ పెద్దాసుపత్రికి పంపారు. ఇచ్చిన మందుల్లో ఒకటి మెగ్నీషియం సల్ఫేట్. పేరు పలకడం కష్టమే గాని ఖరీదు చాలా తక్కువ. ఫిట్స్ వచ్చినవాళ్ళకు మిగతా మందులకంటే ఇదే మంచిదని 1995లో తేలింది. ఫిట్స్ రాకముందే ఇస్తే వచ్చే ప్రమాదం సగానికి తగ్గుతుందని 2002లో తేలింది. ఆ రెండో పరిశీలనలో 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణీలు ఉన్నారు. మన దేశం ఆడవాళ్ళూ ఉన్నారు. ముక్కూ ముఖం తెలియని ఆ తల్లుల పుణ్యాన మా అక్కకు ఫిట్స్ రాలేదు.

ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి. నోట్లో చెంచా పెట్టకండి, నీళ్ళు పొయ్యకండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చుట్టూ గట్టి వస్తువులు తీసెయ్యండి. 108కి ఫోను చెయ్యండి. గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తిప్పిన ప్రతి గంటా తల్లి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ జబ్బు నయమవ్వాలంటే బిడ్డా, మాయా బయటికి రావాలి. అందుకే నెలలు నిండకుండానే ఆ అక్కకు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కిలో తొమ్మిది వందల గ్రాములు. చాన్నాళ్ళు తల్లి గుండెల మీదే పెట్టుకుని వెచ్చగా కాపాడుకున్నారు.

మాయ వచ్చేశాక కూడా బీపీ వెంటనే దిగదు. కొందరికి కాన్పు తర్వాతే మొదలవుతుంది. ఆరు వారాల దాకా జాగ్రత్తగా ఉండాలి. బాలింతకు తలనొప్పి వస్తే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి పడుకోబెడతారు. దూది పెట్టుకోవచ్చు, బీపీ కూడా చూపించాలి.

రెండు నెలలకు ఆ అక్క బిడ్డతో బడికి వచ్చింది. పుస్తకం తీసి మళ్ళీ పక్కన పెట్టేసింది. "మనసు నిలబడట్లేదండి. ఒక పని చేస్తూ ఉంటే ఇంకోటి పోతోంది. నాకేదన్నా అయిపోద్దా?" అని ఏడ్చింది. వాళ్ళమ్మ బద్ధకం అంది. అత్తారింటి నుంచి ఫోనులో వంకలు అన్నారు.

వంకలు కావు. నెదర్లాండ్స్ దేశంలో ఇలాంటి బీపీ, ఫిట్స్ వచ్చిన ఆడవాళ్ళను కొన్నేళ్ళ తర్వాత పిలిచి అడిగారు. మరుపు ఎక్కువైందని, నాలుగు పనులు ఒకేసారి చెయ్యలేకపోతున్నామని చాలామంది చెప్పారు. 2014లో వచ్చిన ఒక పరిశీలనలో అలాంటివాళ్ళకు పరీక్ష పెట్టి చూశారు. ప్రశాంతంగా కూర్చోబెట్టి అడిగితే మిగతావాళ్ళతో సమానంగానే చేశారు. కానీ వాళ్ళలో దిగులూ భయమూ ఎక్కువగా ఉన్నాయి. అంటే తెలివి ఉంది. చావు అంచు దాకా వెళ్ళి వచ్చిన మనసు, నిద్ర లేని ఒళ్ళు, చుట్టూ నలుగురి మాటలు, ఇన్నిటి మధ్య ఆ తెలివిని వాడుకోవడం కష్టమవుతుంది. అలాంటి మనిషిని కసిరితే ఇంకా తడబడుతుంది. ఒక పని అయ్యాక ఇంకో పని చెప్పండి. రాత్రి బిడ్డను కాసేపు వేరేవాళ్ళు ఎత్తుకుని ఆమెను నిద్రపోనివ్వండి. దిగులు తగ్గకపోతే డాక్టరు గారికి చెప్పండి. అది కూడా జబ్బే. దానికీ వైద్యం ఉంది.

ఒక్క మాట మాత్రం ఆ ఇళ్ళలో మర్చిపోతారు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చినవాళ్ళకు పెద్దయ్యాక మళ్ళీ బీపీ, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. ముసలితనంలో జ్ఞాపకశక్తి దెబ్బతినడానికి కూడా ఆ బీపీ ఒక కారణం. బిడ్డ పెద్దదైనా ఏడాదికొకసారి తల్లి బీపీ చూపించుకోవాలి.

ఆ అక్కకు నేను పెద్ద పాఠాలు ఆపేశాను. రోజుకు పది నిమిషాలు అంకెలే చెప్పాను. బిడ్డ నిద్రపోయినప్పుడు ఐదు, లేచి ఏడిస్తే మిగతా ఐదు రేపటికి. పోయిన వారం ఏ.ఎన్.ఎమ్. గారి దగ్గర బీపీ చూపించుకుని నేరుగా బడికి వచ్చింది. చేతిలో చీటీ ఉంది. వేలు పెట్టి మెల్లగా చదివింది.

"పైది నూట ఇరవై నాలుగు. కిందది ఎనభై. తప్పు చదివానా టీచరు గారండీ?"

చీటీ తీసుకుని చూశాను. 124/80. తప్పు లేదు.